మూడు తెరల రోడ్డు

తాడిపత్రిలో బండల దుమ్ముకు కాకి కూడా తుమ్మి గానీ అరవదు. ఆ ఊళ్లో ఇరవై ఏళ్లు బండల లారీ తోలిన కుళ్లాయప్ప, తలకు దెబ్బ తగిలి ఆరు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. రేపు మళ్లీ లారీ ఎక్కాలి. చేయి తిరుగుతుందో లేదో చూసుకుందామని సుదర్శన్ గేముల అంగడికి వచ్చాడు. అలవాటు కొద్దీ చెప్పులు విడిచి, లారీ ఆట ప్లాస్టిక్ స్టీరింగును కళ్లకద్దుకుని మూడు తెరల ముందు కూర్చున్నాడు. కంప్యూటరులో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు చేసేవాళ్లు ఒకే రోడ్డును మూడు తెరల మీద పరిచేది, పక్క నుంచి వచ్చే బండి కంటి కొసకు తగలాలనే. అయినా ఆటలో ఎడమ నుంచి వచ్చిన బస్సు అతని లారీని మూడోసారి గుద్దింది.

“ఏమప్పా, మూడు తెరలని బోర్డు రాసి రెండే పెట్టినావు! ఎడమది యాడ పోయింది?” అని వెక్కిరించాడు.

“ఈడనే ఉండాది కదన్నా,” అన్నాడు సుదర్శన్ గొంతు తగ్గించి. “వెలుగుతానే ఉండాది.”

కుళ్లాయప్ప నవ్వుతూనే ఉన్నాడు, తల ఎడమకు తిప్పి, వెలుగుతున్న మూడో తెరను చూసేదాకా.