నల్లబండ మీద వడియాలు

ఐర్లండులోని మా లెటర్‌కెన్నీలో వడియాలు ఎండవు. మా ఆవిడ హెలెన్ వాటిని హాట్ ప్రెస్‌లో, అంటే వేణ్నీళ్ల ట్యాంకు ఉండే అలమరలో, తువ్వాళ్ల పక్కన పెట్టి ఎండబెడుతుంది. మా ఇంట్లో మొహం తుడుచుకుంటే జీలకర్ర వాసన. అలాంటి మనిషికి స్పెయిన్ ఎండ చూపించడం నా తెలివితక్కువతనం.

వెళ్లింది పిలారమ్మ కోసం. హెలెన్ పనిచేసే వృద్ధాశ్రమంలో ఉంటుందావిడ. పేరు పిలార్, చివర ‘అమ్మ’ తగిలించింది మా ఆవిడే. పుట్టింది స్పెయిన్ తీరంలోని ఓ జాలరిపల్లెలో. ఇంటి ముందు నల్లబండ, దాని మీద వాళ్లమ్మ చేపలు ఎండేసేది. నియంత ఏలుబడి రోజులవి. విదేశీ టూరిస్టులొస్తే డబ్బొస్తుందని పైవాళ్లు తీర్మానించి, ఒడ్డంతా హోటళ్లకు రాసిచ్చేశారు. దొరలకు చేపల వాసన పడదని ఓ పోలీసొచ్చి, ఎండుతున్న చేపల్ని బూటుతో నెట్టేశాడు. కాదన్నవాడికి జైలు. పత్రికలు మాత్రం అభివృద్ధి అని రాశాయి. పల్లె పోయి హోటల్ లేచింది. పిలారమ్మ అందులోనే పక్కలు సర్దే పనికి చేరి, సెలవులకొచ్చిన మా డొనెగాల్ జిల్లా కుర్రాణ్ణి చేసుకుని ఇటొచ్చేసింది.

"ఎవర్ని తిట్టను హెలెన్? మా ఇల్లు పోగొట్టిన విమానాలే మా ఆయన్నీ తెచ్చాయి" అనేదట. ఈమధ్య చూపు తగ్గిపోతోంది. "ఆ బండ ఉంటే ఒక్క ఫొటో తెచ్చిపెట్టు. కళ్లు పూర్తిగా పోయేలోగా" అని అడిగింది.

ఆ హోటల్లోనే దిగాం. బండ ఉంది. హోటల్ వాళ్లు దాన్ని ఈతకొలను పక్కన అలంకారంగా ఉంచి, చుట్టూ పడక కుర్చీలు వేశారు. హెలెన్ అరచెయ్యి ఆనించి చూసింది. కాలుతోంది. మా ఆవిడ కళ్లలో మెరుపు చూసి నాకు నీరసం వచ్చింది.

"ఏవండీ, ఇంత ఎండ ఊరికే పోతోందండీ!"

"ఫొటో తీసి పద తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

వింటేనా? వెంట తెచ్చుకున్న సగ్గుబియ్యం గదిలో స్టవ్ మీద ఉడికించి తెచ్చి, పాత చీర పరిచి, వడియాలు పెట్టేసింది. మా అమ్మాయి జెమీమా "మామ్, ఐయామ్ మోర్టిఫైడ్! పరువు పోతోంది!" అంటూనే ఫోన్ తీసింది, స్నేహితులకు పంపి నవ్వుకోడానికి. నేను ఈత నిక్కరులో ఉన్నాను. గొడుగు చాటుకి తప్పుకున్నాను.

యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ అతనొచ్చాడు. "ఇక్కడేమీ ఆరేయకూడదు మేడమ్. అతిథులకు ఇబ్బంది."

"నేను అతిథిని కానేంటయ్యా?"

చీర ఓ కొస అతని చేతిలో, ఇంకో కొస ఈవిడ చేతిలో. జెమీమా ఫోన్ క్లిక్కుమంది. చివరికి పచ్చి వడియాలు మూటగట్టుకుని, మళ్లీ ఆ కొలను మొహం చూస్తే ఒట్టని అలిగింది. ఆ అలక విమానం ఎక్కేదాకా ఉంది. ఎక్కాక గుర్తొచ్చింది, బండ ఫొటో తీయలేదని.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనండీ ఆవిడ దగ్గరికి?" అని దారంతా ఏడుపు. జెమీమా తట్టుకోలేక తన ఫోన్లోని ఆ పరువుతక్కువ ఫొటో ఇచ్చింది.

మర్నాడు పిలారమ్మ ఫోన్‌ని ముక్కుకి ఆనించుకుని చూసిందట. నల్లబండ. దాని మీద బట్ట. ఒక యూనిఫాం. కొస వదలని ఆడమనిషి.

"మా అమ్మ" అంది. చాలాసేపు ఫోన్ తిరిగివ్వలేదు. తర్వాత వేలితో చూపించి, "గొడుగు వెనక ఎవరు?" అంది.

"మా ఆయన."

"మా నాన్న పడవ వెనక దాక్కున్నాడు. బయటికొస్తే పట్టుకుపోతారని భయం. మీ ఆయనకేం భయం?"

హెలెన్ ఇంటికొచ్చి ఇదే ప్రశ్న నన్నడిగింది. నేను హాట్ ప్రెస్ తలుపు తీసి, వడియాలు ఎండాయో లేదో చూస్తూ నిలబడ్డాను.