పేటీకి అవతలి దిక్కు

మా చిన్నప్పుడు... శనివారం ఒంటిపూట బడి అయిపోంగనే గుర్జీ అల్మారి తాళం తీసి పేటీని బయట పెట్టిస్తుండె. పేటీ అంటే హార్మోనియం. మహారాష్ట్రల కర్ఖేలి దిక్కు మా ఊర్ల ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ... అందుకే కొన్ని వస్తువులు మాకు మరాఠీలనే పుట్టినయి. డెబ్బైల నాటి సంగతి.

ఆ పేటీ వయసుల మా గుర్జీ కంటే పెద్దది. గాలి కొట్టే తిత్తికి మూడుచోట్ల సైకిల్ ట్యూబు అతుకులు. ఒక చేత్తో తిత్తి కొట్టుకుంట ఇంకో చేత్తో వాయించుడు పిల్లల వల్ల కాకపోయేది. అందుకని గుర్జీ సర్కారు పద్ధతిల పనిని రెండు శాఖలు చేసిండు. మెట్లు వాయించే శాఖ పాటిల్ బిడ్డ సుమన్‌ది. ఎదురుగ కూసొని రెండు చేతులతోటి తిత్తి కొట్టే గాలి శాఖ నాది. మూడేండ్లు ఆ శాఖను ఏలిన.

"గంగామణీ, నీ రెక్కల్ల బలమున్నది" అనేటోడు గుర్జీ... బర్రెను మెచ్చుకున్నట్టు.

మెట్లు ముట్టే హుకుం మాత్రం లేదు. ఒకసారి వేలు పెడితే స్కేలు దెబ్బ పడ్డది. "తిత్తి కొట్టేటోళ్లు తిత్తే కొట్టాలె" అన్నడు.

సరే... చూసుడుకు హుకుం అక్కరలేదు కద. సుమన్ వేళ్లు ఎటు పోతున్నయో రెప్ప కొట్టకుండ చూసిన. ఇంటికొచ్చి, కూసునే పీట మీద బొగ్గుతోటి మెట్లు గీసుకున్న. నల్లవి నాకు దగ్గర, తెల్లవి అవతలికి... అచ్చం నాకు కనబడ్డట్టు. దాని మీదనే సాధకం. అమ్మను మేము అవ్వ అంటం. మా అవ్వ చూసుకోకుండ కూసుంటే చీరెనుక సరిగమలు అచ్చు పడేటియి.

"పీట మోగుతదానె, పిచ్చిదానా?" అనేది అవ్వ.

"నాకు ఇనబడుతదవ్వా."

నిజంగనే ఇనబడేది.

ఏడో తరగతిల, బిలోలిల పాటల పోటీ. పొద్దున్నే బస్టాండుకు సుమన్ తలచుట్టు రుమాలు కట్టుకొని వచ్చింది. గవదబిళ్లలు... చెంపలు రెండు బూరెల్లెక్క ఉబ్బినయి. వాళ్ల నాయన మళ్ల ఇంటికి తీస్కపోయిండు. పేటీ అప్పటికే బస్సు మీదికెక్కింది. ఎనిమిదిమంది పాడే పిల్లలు తెల్ల రిబ్బన్లు కట్టుకొని ఏడుపు మొఖాలతోటి నిలబడ్డరు.

"ఇగ వాపసు పోదాం" అన్నడు గుర్జీ.

"నాకొస్తది గుర్జీ. పాటంత వస్తది."

"అబద్ధమాడుతున్నవా?"

"మా అవ్వ మీద ఒట్టు."

గుర్జీ నన్ను మనిషి లెక్క చూసుడు అదే మొదటిసారి. "సరిగ వాయించు... ఇగ నుంచి నెలకొక శనివారం మెట్లు నీయి" అన్నడు. నాకు కప్పు అక్కరలేదు. ఆ ఒక్కరోజు కావాలె.

వేదిక మీద తిత్తి పాడేటోళ్లల్ల ఒక పిల్లకిచ్చి, నేను మొదటిసారి ఇవతలి దిక్కు కూసున్న. చెయ్యి పెట్టిన.

ఎదురుగ కూసొని నేర్చిన చెయ్యి కద... నాకు కుడికున్నదంత ఎడమకొచ్చింది. పాట పైకెక్కాలంటే నా వేళ్లు కిందికి దిగినయి. దిగాలంటే ఎక్కినయి. ఈ సంగతి మా పీట ఎన్నడూ చెప్పలేదు. మోగితే కద చెప్పేది. పేటీ ఎటు పోతే అటే పోవాలని గుర్జీ నేర్పిన ఎనిమిదిమంది, మర్యాదగ నా ఎంబడి లోయలకు దిగిండ్రు. సభంత నవ్వింది. పాట సగం కాకముందే గంట కొట్టిండ్రు.

తిరుగు బస్సుల గుర్జీ ఒక్కటే మాటన్నడు. అది కూడ నాతోని కాదు, కండక్టరుతోని. "తల్లి మీద ఒట్టుపెట్టి అబద్ధమాడింది ఈ పిల్ల."

ఓడుడు పోనీ... అబద్ధమైతే ఆడలేదు కద నేను.

వారానికి సుమన్ బడికొచ్చింది. శనివారం గుర్జీ పేటీ బయట పెట్టించి ఆఫీసు రూమ్ దిక్కు పోయిండు. "నువ్వు పక్కకు కూసొని తిత్తి కొట్టవే" అని సుమన్‌ను బతిమాలిన. నేను నా పాత జాగల్నే కూసొని, తిత్తి మీదికెల్లి వంగి మెట్లందుకున్న. పాట మొత్తం వచ్చింది. ఒక్క తప్పు లేదు.

"నాకంటె మంచిగ వాయిస్తున్నవే గంగూ" అని సుమన్ పోయి గుర్జీని పిలుచుకొచ్చింది. మళ్ల వాయించిన. గుర్జీ తలుపుకాడ నిలబడి పాటంత ఇన్నడు. ఇగ అబద్ధమాడిందన్న ఆ మాట వాపసు తీసుకుంటడనుకున్న.

"ఎనకదిక్కుకెల్లి ఎవరన్న వాయిస్తరా? నీ చెయ్యి ఉల్టా పడ్డది. ఇగ సీదా కాదు" అన్నడు. పై శనివారం నుంచి గాలి శాఖ కూడ ఇంకో పిల్లకు పోయింది.

గుర్జీ మాట కద... నమ్మిన. నమ్మి బీఏ చదివిన, పెళ్లి చేసుకున్న, నాందేడ్‌ల ఇల్లు కట్టుకున్న. బడిల నేర్చిన సంగీతం బతుకంత అక్కరకొస్తదని వార్షికోత్సవాలల్ల పెద్దలు చెప్తుంటే చప్పట్లు గూడ కొట్టిన. నిజమే... రుబ్బురోలు కాడ నా రెక్కలకు ఎదురులేకుండె.

మొన్న మా గల్లీల పేటీ నేర్పే పిల్లకు, నవ్వుతదని ఈ కథ చెప్పిన. ఆ పిల్ల నవ్వలేదు.

"ఎదురుగ కూసొని నేర్చిన ఒకామె నా దగ్గరికి వచ్చింది పెద్దమ్మా. సీదా చేసుడు పెద్ద పనేం కాదు, నాలుగు రోజులు పట్టింది. రేపటి నుంచి మీరు గూడ రాండ్రి."

నాలుగు రోజులు...

గుర్జీకి తెల్వకుండెనా, తెలిసీ తీరిక లేకుండెనా? అడుగుదామంటే మనిషి లేడు. పోదామంటే నా వేళ్లకు కీళ్లనొప్పులు... ఇప్పుడు ఏ దిక్కు కూసున్నా వంగుతలేవు.

ఇప్పటి పిల్లలు ఫోన్ల చూసుకుంట, ఎవరి హుకుం లేకుండ వాయించుకుంటుండ్రు. చూస్తే సంబురమే... జర కడుపు మంట గూడ. మీకు గూడ ఎవరన్న "నీతోని కాదు" అంటే నమ్మి ఇడిసిపెట్టింది ఏమన్న ఉంటే కింద రాయుండ్రి. కాని దానికి నిజంగ ఎన్నిరోజులు పడుతుండెనో మాత్రం ఎవరినీ అడగకుండ్రి.