ప్రపంచ నాగరికతలకి నేను గైర్హాజరు

సోమవారం అమలాపురంలో నా పరువు ఎలా పోయిందో చెబుతాను, వినండి. టీ చల్లారితే మళ్ళీ పెట్టించుకోండి గానీ మధ్యలో నవ్వొద్దు. నాకింకా కోపం తగ్గలేదు. అది ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను, దాంతో ఇంకా పెరుగుతోంది.

పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవర్‌గా చేసి, నిరుడు అక్కడి సూపర్‌వైజర్‌తో గొడవపడి కొత్తపేట వచ్చేశానని మీకు తెలుసుగా. తప్పు వాడిదే. ఇంటికొచ్చాక ఏం చేద్దామా అని చూస్తుంటే, గోదావరి మీద టూరిస్టు బోట్లు నడిపే ఒకాయన తగిలాడు. ద్రాక్షారామం గుడి గురించి ఆపకుండా గంటసేపు చెప్పాను. ఆయన ముచ్చటపడి, "హిస్టరీ-టూరిజం మేజర్‌లో సీటు తెచ్చుకోండి, గైడ్‌గా పెట్టుకుంటాను" అన్నాడు. నలభై రెండేళ్ల వయసులో డిగ్రీకి కట్టాను. దూరవిద్య, అమలాపురంలో స్టడీ సెంటర్. సీటు రాకపోతే మళ్ళీ కువైటే. వీసా పంపుతానని బావమరిది అక్కణ్ణుంచి వారం వారం ఫోన్ చేస్తున్నాడు. ఆ ఫోన్ మోగితే చాలు, మా ఆవిడ మంగ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

మొదటి ఏడాది అందరికీ ఒకటే చదువు. రెండో ఏడాది మేజర్, అంటే ఎవరు కోరుకున్న సబ్జెక్టు వాళ్ళకి. మా మేజర్‌లోకి వెళ్ళాలంటే ముందు 'ప్రపంచ నాగరికతలు' అనే కోర్సు పూర్తి చేసి ఉండాలి. అది లేకపోతే లిస్టులో పేరే ఉండదు. ఇటుకంత పుస్తకం ఇచ్చారు. అందులో ఏ నాగరికత చూసినా ఏదో ఒక నది పక్కనే పుట్టింది. గోదావరి పక్కన పుట్టిన మనకి ఇదొక పుస్తకం రాసి చెప్పాలా? అయినా మొత్తం చదివాను. అసైన్‌మెంట్లన్నీ రాసిచ్చాను, ఈజిప్టు గురించి అయితే అడిగినదానికంటే నాలుగు పేజీలు ఎక్కువే రాశాను. చేరిన రోజు క్లర్కు నూకరాజు గారిని క్లాసుల సంగతి అడిగితే, "వాట్సాప్ గ్రూపులో పెడతామండీ, చూసుకోండి" అన్నారు. సరే అన్నాను.

సరిగ్గా అప్పుడే మంగ ఒక కబురు చెప్పింది. "ఏవండీ, వాడపల్లి వెంకన్న బాబుకి ఏడు శనివారాలు మొక్కుకున్నానండీ. ఇద్దరం వెళ్ళాలి."

ఎందుకని నేను అడగలేదు. ఇంట్లో సీటు గురించి తప్ప ఇంకో మాట లేని రోజులవి. ప్రతి శనివారం తెల్లారేసరికి బండి మీద బయల్దేరేవాళ్ళం. అక్కడ జనం చెప్పక్కర్లేదు. గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు, అరికాళ్ళు మాడిపోయేవి. మూడో వారం ఒకాయన వెనక నుంచి నా మడమ తొక్కాడు. ఏడు ప్రదక్షిణల్లో ఐదు ఆయనతో గొడవపడుతూనే పూర్తిచేశాను. మంగ నా చొక్కా లాగుతూనే ఉంది. అలా ఏడు వారాలూ ఒక్కటి తప్పకుండా చేశాం.

మొన్న సోమవారం మేజర్ లిస్టు బోర్డు మీద పెట్టారు. పైనుంచి కిందికి చూశాను, కిందనుంచి పైకి చూశాను. నా పేరు లేదు. తిన్నగా ఆఫీసులోకి వెళ్ళాను.

"నూకరాజు గారూ, లిస్టులో నా పేరు లేదేంటండీ?"

"ఆయ్, లేదండీ."

"లేదని నాకూ కనబడుతోందండీ. ఎందుకు లేదో చెప్పండి."

"మీకు నాగరికతలు పూర్తవలేదండీ, వీర్రాజు గారూ."

"అసైన్‌మెంట్లన్నీ ఇచ్చేను కదండీ."

"ఇచ్చేరండీ. చాలా బాగా రాసేరండీ. క్లాసులకే రాలేదండీ. ఏడు క్లాసులకి ఏడూ రాలేదండీ."

మన వైపు ఇదొక బాధ. అవతలివాడు మన గొంతు కోస్తూ కూడా అండీ అంటాడు. తిట్టినా బాగుండును, తిరిగి తిట్టేవాణ్ణి. ఆ మర్యాద వింటుంటే నా ఒళ్ళు మండిపోయింది.

"క్లాసులున్నాయని నాకెవరు చెప్పేరండీ? ఒక ఫోన్ చేసేరా? ఒక ఉత్తరం రాసేరా? ఈ ఆఫీసులో ఒక్కరికైనా బాధ్యత ఉందాండీ?" అని బల్ల మీద చరిచాను. స్టేప్లర్ ఎగిరి కింద పడింది. నూకరాజు గారు వంగి దాన్ని తీసి, తుడిచి, ఉన్నచోటే పెట్టారు. దాంతో నాకు ఇంకా మండింది.

ఇంతలో పిల్లలు పోగయ్యారు. నాతో చేరినవాళ్ళే, అందరూ నా వయసులో సగం కూడా లేనివాళ్ళు. వాళ్ళకీ ఆఫీసు మీద పాత కక్షలున్నట్టున్నాయి. "అడగండి అంకుల్, గట్టిగా అడగండి" అని వెనక నుంచి ఎగదోశారు. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. కలెక్టర్ ఆఫీసుకి వెళ్తానన్నాను. పేపర్లో వేయిస్తానన్నాను. పదకొండేళ్లు పరాయి దేశంలో ఉన్నా ఇంత అన్యాయం చూడలేదన్నాను.

గొడవ విని కోఆర్డినేటర్ మేడమ్ బయటికొచ్చారు. నాగరికతల క్లాసు చెప్పేది ఆవిడే. "వీర్రాజు గారూ, లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. ఆ మాట వినుంటే ఈపాటికి సుఖంగా ఉండేవాణ్ణి.

"లోపలెందుకండీ? ఇక్కడే తేలాలి. అందరి ముందూ తేలాలి."

"సరేనండీ. నూకరాజు గారూ, గ్రూపు తెరిచి చదవండి."

నూకరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ తెరిచి, వార్తలు చదివినట్టు చదివారు. "శుక్రవారం సాయంత్రం. రేపు ఉదయం పది గంటలకు ప్రపంచ నాగరికతలు క్లాసు. హాజరు తప్పనిసరి. దాని కిందండీ, శనివారం పదింటికి వీర్రాజు గారి ఫోటో. నామం పెట్టుకుని ఉన్నారండీ. వాడపల్లిలో మొదటి శనివారం, గోవిందా."

ఆయన అక్కడితో ఆపలేదు. మళ్ళీ శుక్రవారం, హాజరు తప్పనిసరి. మళ్ళీ శనివారం, నేను, నామం, రెండో శనివారం. అలా ఏడూ చదివారు. మూడోదాంట్లో నా మొహం ఎర్రగా ఉందని, వెనక ఎవరో వేలు చూపిస్తున్నారని కూడా చెప్పారు. పిల్లలు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. ఇందాక నన్ను ఎగదోసినవాళ్ళే.

ఒప్పుకుంటాను. నా ఫోన్లో ముప్ఫై గ్రూపులున్నాయి. అన్నింట్లోనూ ఫోటోలు పెట్టడమే గానీ, వేరేవాళ్ళు పెట్టింది చదివే అలవాటు నాకు లేదు. మీకుందా? ఉంటే చెప్పండి.

కానీ నూకరాజు గారి ఫోన్లోకి తొంగి చూస్తే నాకో ఆధారం దొరికింది. నా ప్రతి ఫోటో కిందా మేడమ్ గారి దండం బొమ్మ ఉంది. పట్టుకున్నాను.

"మీరు దండం పెట్టేరు కదా మేడమ్. ఆ చేత్తోనే క్లాసుంది రండి అని ఒక్క ముక్క రాయొచ్చు కదండీ?"

"ఎలా రాస్తానండీ? మొక్కు మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచి రావాలంటారు కదండీ. ఆ పాపం నాకెందుకండీ?"

"మరి నా క్లాసుల సంగతేంటండీ?"

"అవీ అంతేనండీ. మొదటినుంచి రావాలి. రెండు నెలల్లో కొత్త బ్యాచ్ మొదలవుతుంది. అది పూర్తిచేస్తే రెండో లిస్టులో మీ పేరు నేనే పెడతాను. అసైన్‌మెంట్లు మళ్ళీ రాయక్కర్లేదండీ, ఈజిప్టు చాలా బాగుంది."

ఇంత మంచిగా మాట్లాడితే మనిషి ఎవరిని తిట్టుకోవాలి? బండి తీశాను. దారి పొడుగునా మేడమ్‌ని, నూకరాజుని, వాట్సాప్‌ని, ఈజిప్టుని తిట్టాను. కొత్తపేట చేరేసరికి ఒక్కరే మిగిలారు. గుమ్మంలోనే మొదలుపెట్టాను.

"అంతా నీవల్లే. సీటు కోసం మొక్కుకున్నావు, ఆ మొక్కుతోనే సీటు తప్పించావు. నీ ఏడు శనివారాలూ నా ఏడు క్లాసులూ మింగేశాయి."

మంగ ములక్కాడలు కోస్తోంది. చెయ్యి ఆపలేదు. "సీటు కోసమని నేనెప్పుడు చెప్పేనండీ?"

"మరి దేనికి మొక్కుకున్నావు?"

"మీ కోపం తగ్గాలనండీ. సీటుదేముంది, చదివేరు, ఇవాళ కాకపోతే రేపు తెచ్చుకుంటారు. ఈ కోపంతో ఆ బోటాయన దగ్గర ఎన్నాళ్ళుంటారండీ? ఆయనతోనూ గొడవపడతారు. మళ్ళీ ఆ వీసా ఫోనే. పదకొండేళ్లు ఒక్కదాన్నే ఉన్నాను. ఇంక నావల్ల కాదండీ."

ఇలాంటప్పుడు నాకు చేతనైంది ఒక్కటే, అదే చేశాను.

"నాకు కోపమేంటి? అసలు నేనెప్పుడు కోప్పడ్డాను?" అని అరిచాను. గట్టిగానే అరిచినట్టున్నాను.

గోడ అవతల కొబ్బరికాయలు ఒలుస్తున్న పక్కింటి సత్తిబాబు గారు పని ఆపి, తల పైకెత్తి, ఎంతో మర్యాదగా మా ఆవిణ్ణి అడిగారు.

"ఏడు వారాలూ పూర్తయిపోయేయాండీ, ఇంకా ఏమైనా ఉన్నాయాండీ?"