సుగుణమ్మ ముచ్చట

1963 వానాకాలంలో నన్ను ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు హెల్త్ విజిటర్‌గా బదిలీ చేశారు. పల్లెల్లో మిడ్‌వైఫ్‌ల పని చూసి, తప్పులుంటే దిద్దే ఉద్యోగం అది. చేరీచేరగానే రెండు జిల్లాల నర్సుల సదస్సుకు వక్తలను వెతికే పని నా నెత్తిన పడింది. వక్త పేరు, విషయం, ప్రసంగం తీరు నేను రాసి పంపాలి. ఎంపిక, ఎవరు ఎప్పుడు మాట్లాడాలన్న వరస మాత్రం జిల్లా ఆసుపత్రి పెద్ద డాక్టరు గారివి. ఆయనది కృష్ణా తీరం, మెత్తని మనిషి.

డిగ్రీలున్న వక్తలకేం కొదవ! పిలవకముందే శాలువా కప్పించుకునే రకం. నాకు కావలసింది సుగుణమ్మ. మంచిర్యాల చుట్టుపక్కల పురుళ్లు పోస్తూ తల నెరిసిన మిడ్‌వైఫ్, నాకు పని నేర్పిన మనిషి. ఆ నెలాఖరుకే ఆమె రిటైర్ అవుతోంది. వెళ్లి, "పెద్దమ్మా, సదస్సుల ఉపన్యాసం ఇయ్యాలె" అన్నాను.

"ఉపన్యాసమా! నాతోని కాదు బిడ్డా. నా చేతుల్ల పోయిన పోశవ్వ ముచ్చటైతే జెప్త. గా తప్పు మల్ల ఏ పిల్ల చెయ్యద్దు. పించన్‌కు పోయేముందు గదొక్కటి జెప్పాలె."

తీరు అన్నచోట 'ముచ్చట' అనే రాసి పంపాను.

సదస్సు నాటి పొద్దున కార్యక్రమాల పట్టిక చూస్తే ఏముంది! సుగుణమ్మను సాయంత్రం కోలాటానికీ హాస్య నాటికకూ నడుమ పెట్టారు. నాకు ఒళ్లు మండింది. తిన్నగా పోయి డాక్టరు గారి ముందు నిలబడ్డాను.

"ముచ్చటంటే ఏదో సరదా కార్యక్రమం కాదామ్మా?" అన్నారాయన.

"మా దిక్కు ముచ్చటంటే మాట సార్. చావు మాటైనా ముచ్చటే."

ఆయన మొహం చిన్నబోయింది. తన అధ్యక్షోపన్యాసం సమయాన్ని ఆమెకిచ్చి, తాను ముందు వరసలో కూర్చున్నారు.

సుగుణమ్మ బల్లను పట్టుకుని నిలబడింది. బిడ్డ పుట్టాక మాయ ఇంకా పడలేదని తొందరపడి బొడ్డుతాడు లాగడం, నెత్తురు ఆగకపోవడం, బండి కట్టేలోపే పోశవ్వ పోవడం, అన్నీ చెప్పింది. "నేను గుంజకుంటే పోశవ్వ బతికేది. మీరు జర ఆగుండ్రి బిడ్డా" అంది. హాల్లో చాలామంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఒక కొత్త మిడ్‌వైఫ్ లేచి, మాయ విడిందని ఎట్లా తెలుస్తుందని అడిగింది. ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి కిందికి దిగి, నా చెయ్యి పట్టుకుంది.

"మంచిగ జెప్పిన్నా బిడ్డా?"

"మంచిగ జెప్పినవ్ పెద్దమ్మా."

అటు తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ వక్తలను నేనే వెతికాను. ఏ విషయం మీద మాట్లాడతారని ఎవరినీ అడగలేదు. పని వదిలిపోయేలోపు ఎవరికైనా చెప్పి తీరవలసింది ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నవాళ్లు చాలా తక్కువ.