ఓటుకు విరవని రొట్టె

మాణికేశ్వర్ నగర్‌లోని జీవధార మందిరానికి వచ్చేవాళ్ళలో కరుణ చేతి రొట్టె తినని మనిషి లేడు. నెలకోసారి, మొదటి ఆదివారం, అక్కడ ప్రభువు బల్ల, అంటే యేసు పేరున అందరూ ఒకే రొట్టె విరుచుకుని తినే ఆరాధన, జరుగుతుంది. దానికి ముందురోజు సాయంత్రం కరుణ యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంట ముగించుకుని ఇంటికి వచ్చి, తలస్నానం చేసి, కొంగు కప్పుకుని, ఉప్పు వేయకుండా, పులియనివ్వకుండా గోధుమపిండి కలుపుతుంది. ఆ రొట్టె కాల్చడానికి వేరే పెనం ఉంది. దాని మీద ఇంకేమీ కాల్చదు. రొట్టె పొంగుతున్నంతసేపూ ఆమె పెదాలు కదులుతూ ఉంటాయి. ఏం ప్రార్థన చేస్తున్నావని ఎవరైనా అడిగితే, "ఏమున్నది, మాడకుంట సూడు తండ్రీ అంటున్న" అని నవ్వుతుంది.

జనగామ పక్క పల్లె నుంచి పెళ్ళిచేసుకుని వచ్చిన మనిషి. భర్త సమ్మయ్య మల్కాజ్‌గిరి స్టేషన్లో హమాలీగా పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. పిల్లలు లేరు. ఆ రేకుల కప్పు మందిరమే ఆమెకు పుట్టిల్లు, అత్తిల్లు కూడా. పండగొస్తే అక్కడే చీర కట్టుకుంటుంది, కడుపు నిండా ఏడవాలనిపించినా అక్కడికే పోతుంది.

ఆ మందిరంలో ఒక ఆనవాయితీ ఉంది. రొట్టె విరిచేముందు పాస్టరు అయ్యగారు పిలుపు ఇస్తారు: ఎవరి మీదైనా మీకు పగ ఉన్నా, మీ వల్ల ఎవరికైనా అన్యాయం జరిగినా, ముందు లేచి వెళ్ళి మంచి చేసుకుని రండి అని. అది మాటవరసకు అనే మాట కాదు, జనం నిజంగానే లేచి పోతారు. ఒకసారి నల్లా నీళ్ళ దగ్గర బుచ్చవ్వను నోటికొచ్చినట్టు తిట్టిన పాపానికి కరుణే లేచి పోవాల్సి వచ్చింది. బుచ్చవ్వ అలిగి ఆ రోజు మందిరానికే రాలేదు. కరుణ ఆమె గడప దగ్గర నిలబడి బతిమిలాడుతుంటే, లోపల సంఘమంతా ఒకే పాటను మళ్ళీ మళ్ళీ పాడుతూ కూర్చుంది. చివరికి ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తే, "తల్లులారా, మా గొంతులు పోయినయ్" అని సంఘం పెద్ద గట్టయ్య అన్నాడు. అందరూ నవ్వారు. బల్ల అంటే కరుణకు తెలిసింది అది.

అలాంటి బల్ల అమ్మకానికి పోయిందని ఆమెకు ఒక ఫోన్ వీడియోలో తెలిసింది.

డిసెంబరు మొదలు. తార్నాకలో ఎక్కడ చూసినా పండగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్ ఫ్లెక్సీలే. నక్షత్రం ఎంత ఉందో, నాయకుడి మొహం దానికి పదింతలు ఉంది. శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో శిరీష అనే అమ్మాయి కరుణను పిలిచింది. కర్నూలు పిల్ల, రాజనీతి శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. దేవుడు లేడంటుంది గానీ, కరుణకు నడుం నొప్పని తెలిసిన నాటి నుంచి తన టేబుల్ మీది ప్లేట్లన్నీ తనే తొట్టిలో వేసి పోతుంది.

"కరుణక్కా, ఇట్ల రా. మీ అయ్యగారు ఫేమస్ అయిపోయినాడు. చూడు."

నిన్న సాయంత్రం తార్నాకలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన సెమీ క్రిస్మస్ అది. స్టేజీ మీద పాస్టర్ దివాకర్, ఊదారంగు కోటులో. పక్కన దేవేందర్. కార్పొరేటర్ కావాలని తిరుగుతున్నాడు. ముందు కార్పొరేటర్, తర్వాత ఎమ్మెల్యే, ఆ తర్వాత ఢిల్లీ అని అతని మనుషులు ఇప్పటికే పాటలు కట్టారు. అయ్యగారు మైకు పట్టుకుని, "ఈ దేశాన్ని క్రీస్తు నీతి మీద కట్టే మొనగాడు మా అన్న! మా సంఘంల ఉన్న ఓట్లన్నీ అన్నకే! ఈ ఆదివారం ప్రభువు రొట్టె ముట్టి ప్రమాణం చేస్తం!" అంటున్నాడు. హాలంతా ఈలలు.

"మూట కట్టి ఇచ్చేసినాడక్కా మిమ్మల్ని," శిరీష నవ్వింది. "మతమంటే ఇంతే. నేను చెప్తే నువ్వు కోప్పడతావు."

కరుణ కోప్పడలేదు. "ఇంకోసారి పెట్టు బిడ్డా," అంది. రెండోసారి చూశాక చేతిలోని గరిటె కింద పెట్టింది. ఆమె మొహం చూసి శిరీష నవ్వు ఆపేసింది.

ఓటు దేవేందర్‌కు వేయడమా మానడమా అన్నది కాదు ఆమె బాధ. అతను ఏం చేశాడో ఆమె కళ్ళారా చూసింది. తార్నాక మలుపులో పోచయ్యది చాయ్ బండి. పోచయ్య మైసమ్మ భక్తుడు, నుదుట బొట్టు లేకుండా బయటికి రాడు. సమ్మయ్యకు ఊపిరాడని రోజు ఆటో దొరక్కపోతే, పోచయ్య స్టవ్వూ గిన్నెలూ దింపేసి, ఆ బండి మీదే సమ్మయ్యను పడుకోబెట్టి ఆసుపత్రిదాకా తోసుకుంటూ పోయాడు. ఆదివారం ప్రార్థన వేళకు ఎవరూ అడక్కుండానే తన రేడియో బంద్ చేసేవాడు. మొన్న వేసవిలో దేవేందర్ పుట్టినరోజు స్వాగతతోరణానికి అడ్డముందని, ఆ బండిని అతని మనుషులు తన్నేశారు. మరిగే పాలు పోచయ్య చేతి మీద పడ్డాయి. దేవేందర్ కారు అద్దం దింపి చూశాడు, మళ్ళీ ఎక్కించాడు. మెస్ నుంచి వస్తున్న కరుణే కొంగు తడిపి ఆ చేతికి చుట్టింది. ఇప్పుడు పోచయ్య ఫ్లాస్కు భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగి చాయ్ అమ్ముతున్నాడు.

శనివారం పొద్దున డ్యూటీకి పోతూ కరుణ అయ్యగారి ఇంటికి పోయింది.

"వందనాలయ్యగారూ. రేపటి బల్ల ప్రమాణానికటనే?"

దివాకర్ ఒకప్పుడు గోడల మీద బొమ్మలు వేసుకుని బతికినవాడు. ఎండలో నిచ్చెనెక్కి, రంగు చేతుల్తోనే సమ్మయ్యను పాతిపెట్టే గుంత తవ్విన మనిషి. ఆ మనిషి మీదే ఆమెకు ఇంకా ఆశ ఉంది.

"కరుణమ్మా, నీకు సమజైతలేదు," అన్నాడు. "దేశం ఎట్లున్నదో సూస్తున్నవా? ఊర్లల్ల పాస్టర్లను కొడుతున్నరు. ప్రార్థనలు బంద్ వెట్టిస్తున్నరు. మన దిక్కు మాట్లాడెటోడు ఒక్కడన్న ఉండాలె గద."

"ఉండాలె. గాయిన దేవేందరన్ననేనా?"

"ఎవడైతేంది? రాజ్యంల మనోడు ఉంటేనే దేశం క్రీస్తు నీతిల నడుస్తది."

"దేశం సంగతి నాకు తెల్వదయ్యగారూ. మన మలుపుల పాలగిన్నె తన్నినోళ్ళకు గా నీతి ఎవరు చెప్పాలె?"

"పోచయ్య మన విశ్వాసి గాడు."

"పాలు ఆయన చెయ్యి మీద వడేటప్పుడు అడిగి వడలే."

దివాకర్‌కు కోపం వచ్చింది. "మందిరం జాగకు పట్టా ఉన్నదా? రేపు జేసీబీ తెచ్చి కూలగొడితే నీ రొట్టె ఏడ వెడ్తవ్? రోడ్డు మీదనా? చేస్తె చెయ్యి, లేకుంటె బేకరీల మస్తు బ్రెడ్లున్నయ్."

కరుణ వందనాలు చెప్పి బయటికి వచ్చింది. పట్టా లేని మాట నిజమే. ఆ భయం అబద్ధం కాదు. ఆ రేకుల కింద ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని నామకరణాలు జరిగాయో ఆమెకు తెలుసు. కానీ భయపడ్డవాడు దేవుడి దగ్గరికి పోవాలి గానీ, దేవుణ్ణి పట్టుకుపోయి దేవేందర్ దగ్గర తాకట్టు పెడితే ఎట్లా? సాయంత్రం ఇల్లు చేరేదాకా ఆమెకు అదే గుబులు. రొట్టె చేయకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే బేకరీ బ్రెడ్డు మీద ప్రమాణం అయిపోతుంది, అంతే. చేసి తీసుకుపోతే, పిలుపు ఇచ్చే వేళ ఒకటి వస్తుంది. ఆ పిలుపు విని దేవేందర్ లేచి పోచయ్య దగ్గరికి పోతే? మనిషి కదా, పోవచ్చు. ఆ సాయంత్రం పెనం ముందు ఆమె చేసిన ప్రార్థన రొట్టె కోసం కాదు, దేవేందర్ కోసం.

ఆదివారం మందిరం కిక్కిరిసింది. దేవేందర్ వెంట వచ్చినవాళ్ళు బూట్లతోనే లోపలికి వచ్చారు. అతను మాత్రం చెప్పులు బయటే విడిచాడు. కరుణ అది చూసి సంతోషపడింది. అతనికి కుర్చీ బల్ల పక్కనే వేశారు. అయ్యగారు చాలాసేపు మాట్లాడాడు. మద్యం లేని దేశం, లంచం లేని దేశం, నీతిగల రాజ్యం. లంచం అనే మాట దగ్గర దేవేందర్ మనుషులే గట్టిగా చప్పట్లు కొట్టారు. అలాంటి మాటలు విని విని చెవులు తుప్పుపట్టినవాళ్ళు కూడా తలలూపారు. తల ఊపడానికేం పోయింది?

పాట అయిపోయింది. ఇక పిలుపు రావాలి. రాలేదు.

"ఇప్పుడు మన అన్న రొట్టె మీద చెయ్యి వెడతడు. సంఘమంతా చేతులు లేపాలె," అన్నాడు దివాకర్. ఫోన్లు పైకి లేచాయి.

కరుణ నిలబడింది. "అయ్యగారూ, పిలుపు ఇయ్యలే."

"కూసో కరుణమ్మా," అన్నాడు గట్టయ్య.

"నేను లేచి పోయిన్నాడు కూసోమనలే గద తాతా."

"ఏంది పిలుపు?" దేవేందర్ నవ్వుతూ అడిగాడు. కరుణ అతని వైపే తిరిగి చెప్పింది, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు. "ఏం లేదన్నా. మనవల్ల ఎవరికన్న అన్యాలమైతే, పోయి మంచి చేసుకొని రావాలె. అందాక మేం పాట పాడుకుంట కూసుంటం. పోచయ్య గేటు కాడనే చాయ్ అమ్ముతున్నడు. నీ పుట్టినరోజు నాడు చెయ్యి కాలినాయన."

జనమంతా తలలు తిప్పి గేటు వైపు చూశారు. దేవేందర్ నవ్వు మాత్రం పోలేదు. "ఓ గంతేనా! రేపే కొత్త బండి కొనిస్త. ఫోటో దిగుదాం."

"బండి అడుగుతలేనన్నా. తప్పైందని ఒక్క మాట."

"అన్న సారీ చెప్పాల్నా?" వెనకనుంచి ఒకడు అరిచాడు. "చాయ్ అమ్మెటోనికా? ఏయ్ ముసల్దానా, నకరాలా?"

ఆ మాటకు సంఘంలో ఒక్కరికీ కోపం రాలేదు. కోపమంతా కరుణ మీదే. "దీని కడుపు మాడ, మందిరం కూలగొట్టిస్తది," అంది ఒకామె. "విగ్రహాలోని మీద గంత ప్రేముంటే గాడికే పో," అంది ఇంకొకామె. నల్లా దగ్గర కలిసిపోయిన బుచ్చవ్వే ఆమె చీర పట్టి కిందికి లాగింది. ఇన్నేళ్ళు తన చేతి రొట్టె తిన్న నోళ్ళు అవి. కరుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా దేవేందర్ మొహంకేసే చూస్తూ నిలబడింది. ఇంకా లేస్తాడేమోనని.

అతను లేవలేదు. గడియారం చూసుకుని, రొట్టె మీదికి చెయ్యి చాపాడు.

కరుణ ముందుకు పోయి, తెల్లగుడ్డ రొట్టె మీద కప్పి పళ్ళెం ఎత్తుకుంది. గట్టయ్య రెండో అంచు పట్టుకున్నాడు. "ఇడువమ్మా. ఇది దేవునిది."

"దేవునిదే తాతా. గందుకే."

ముసలాయన వేళ్ళు వదులయ్యాయి. అది జాలో, సిగ్గో, వయసో ఆమెకు తెలియలేదు. వెనక దివాకర్ ఎవరినో బేకరీకి ఉరకమని చెబుతున్నాడు. కరుణ గేటు బయట నిలబడి అంతా విన్నది. బ్రెడ్డు కవరు చింపిన చప్పుడు. ప్రమాణం. చేతులెత్తిన జనం అరుపు. గేటు దగ్గరున్న పోచయ్య, "గంత లొల్లేంది అక్కా?" అంటే, "ఏం లేదు తమ్మీ," అంది. పళ్ళెం మీది గుడ్డ గాలికి లేస్తుంటే, అతను మచ్చపడ్డ చేత్తోనే అంచులు లాగి ముడి వేశాడు.

దేవేందర్ బయటికి వచ్చాడు. చెప్పులు వేసుకుంటూ పోచయ్యను చూశాడు. చూడనట్టే కరుణ దగ్గర ఆగాడు. గొంతు మెత్తగా ఉంది.

"ఏ హాస్టల్ల చేస్తవమ్మా నువ్వు?"

ఆ ప్రశ్న ఎందుకో అక్కడున్న అందరికీ తెలుసు. మెస్ పని కాంట్రాక్టు పని. ఒక్క ఫోను చాలు. పోచయ్య ఆమె మోచేయి తాకి, చెప్పొద్దన్నట్టు తల ఊపాడు.

కరుణ హాస్టల్ పేరు చెప్పింది. పొద్దటి నుంచి సాయంత్రందాకా డ్యూటీ అని, ఆదివారం మాత్రం పగటి నుంచి అని, పైన ఉండే సూపర్‌వైజర్ పేరు రంగనాథ్ సారని కూడా చెప్పింది.

"పన్నెండు దాటినంక వస్తే అన్నం వేడిగుంటదన్నా," అంది. "పోచయ్యను తోలుకొని రా. మంచి చేసుకొని ఇద్దరు రాండ్రి. నేనే వడ్డిస్త."

దేవేందర్ పోయి కారెక్కాడు. కారు తలుపు పడ్డ చప్పుడుకు గల్లీలో కుక్క మొరిగింది.

కారు వెళ్ళాక గట్టయ్య వచ్చాడు, ఆమె మొహం చూడకుండా. ఇకనుంచి బల్లకు రావద్దని సంఘం తీర్మానించిందట. ఎన్నాళ్ళు రావద్దో ఆయన చెప్పలేదు. "సల్లగుండు తాతా," అని, పళ్ళెం చంకన పెట్టుకుని యూనివర్సిటీ వైపు నడిచింది. ఉద్యోగం రేపటికి ఉంటుందో లేదో. ఈ పూట మాత్రం ఉంది, ఆడపిల్లలు ఆకలితో ఉంటారు.