నేను సముద్రానికి తలుపేసిన రోజు

నా చదువు రెండో క్లాసులో ఆగింది. నేను ఆపలేదు. పంతులుగారే మా అయ్యను పిలిచి, "నాను ఈడికి నేర్పడం అలా ఉంచు, ఈడి దెబ్బకి నాకొచ్చిందే మర్సిపోతన్నాను, తీసుకుపో" అన్నారట. అంతటి పండితుణ్ణి, ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరు ప్రొఫెసర్ల సాక్షిగా బంగాళాఖాతానికి అడ్డంగా తలుపేసేశాను. వేసేముందు అవతల ఎవరున్నారో చూసుకోవద్దూ? చూసుకోలేదు. అవతల ఉన్నది నా పెళ్ళాం.

అప్పుడు నేను సముద్రం అవతల, బాగన్ దాతుక్ అనే రేవు దగ్గర, దొరల కొబ్బరి తోటలో కాయలకు పీచు తీసేవాణ్ణి. పెళ్ళయిన ఆర్నెల్లకే ఓడెక్కి వచ్చేశాను. నరసమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది. ఏడాదిలో పిలిపించుకుంటానన్నాను. ఈలోగా కొబ్బరి ధర పడిపోయింది, రబ్బరు ధర అంతకన్నా లోతుకు పడిపోయింది, సర్కారు వారు కూలీ జనాన్ని తేవడం ఆపేసి ఉన్నవాళ్ళనే వెనక్కి పంపడం మొదలెట్టారు. మూడేళ్లు గడిచాక తలుపు మళ్ళీ ఓరగా తీశారు. తోటకొక కంగాణి, అంటే కూలీల మేస్త్రీ, ఇండియా వెళ్ళి, తన ఊరి వాళ్ళను, తన చుట్టాలను తెచ్చుకోవచ్చు. అదీ మనుషులు కావాలని ఆ తోట దొర కాగితం మీద సంతకం పెడితేనే.

మా తోటకు ఆ కంగాణి ఎర్రయ్య బావ, నరసమ్మకు స్వయానా అన్న. అందుకని మా లయాల్లో, అంటే కూలీల వరస ఇళ్ళలో, ప్రతి గదికీ ఆ కాగితం మీద ఒక ఆశ ఉంది. ఒకరికి చెల్లెలు, ఒకరికి తల్లి, నాకు నరసమ్మ. సంతకం సోమవారం అన్నాడు దొర. ప్రొఫెసర్లు శనివారం దిగారు.

ఒకాయన మన తెలుగాయనే, కళ్ళజోడు, గొడుగు, సన్నగా చీపురుపుల్లలా ఉంటాడు. రెండో ఆయన తెల్లాయన, ఎండకు ఉడికి రొయ్యలా ఉన్నాడు. కూలీలు ఇంకా రావాలా వద్దా అని దేశాలు దేశాలే తగువులాడుకుంటున్నాయట. అందులో నిజం తేల్చి పుస్తకం రాయడానికి వీళ్ళు బయల్దేరారట. జనం వచ్చేకొద్దీ ఇక్కడున్నవాడి విలువ పడిపోతుంది, ఆపాలి అని మనాయన. ఆపితే కాయలు చెట్ల కిందే మొలకలెత్తుతాయి, రానివ్వాలి అని తెల్లాయన. కొబ్బరి ఆరబెట్టే కొట్టం ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, ఒకే కాయకు చెరోవైపు పీచు లాగుతున్నట్టు గంటసేపు లాక్కున్నారు. మనాయన దాన్నంతా మాకు తెలుగులో చెప్పాడు. అది తెలుగేనని ఆయన చెప్పాకే తెలిసింది.

చివరికి ఆయన, మీలో ఒకరు లేచి అందరి తరఫునా ఒక్క మాట చెప్పండి, రావచ్చా రాకూడదా అన్నాడు. ఎదురుగా ఆఫీసు వరండాలో బల్ల, కుర్చీ వేసుకుని దొర కూడా వింటున్నాడు.

జనమంతా నావైపే తిరిగారు. ఏటేటా అమ్మోరి పండక్కి మా లయాల్లో నాటకం వేస్తాం, అందులో నేను రాజుని. నాకున్న ఒకే ఒక్క అర్హత గొంతు. ఎర్రయ్య బావ నా చెవి దగ్గర వంగి, "ఒరే పైడయ్యా, రావాలి బాబూ అని ఒక్కటే సెప్పి కూకో. నీ పెళ్ళాం, మా అమ్మ, అందరూ నీ నోట్లోనే ఉన్నారు" అన్నాడు.

లేచాను. ఎదురుగా రెండు నోటు పుస్తకాలు, వాటి మీద రెండు కలాలు. నా నాలుక ఎండు కొబ్బరి చిప్పయిపోయింది. "అయ్యా" అన్నాను, పిల్లికూనలా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రోషమొచ్చి, ధైర్యం కోసం రాజు గొంతు పెట్టాను. ఆ గొంతుతో నేనెప్పుడైనా సొంత మాట ఆడానా? గొంతు వెంట దాని మాటలు కూడా వచ్చేశాయి. శత్రువులు కోట మీదికొచ్చే ఘట్టంలో రాజుగారి ఆజ్ఞ అది. చెయ్యెత్తి, మీసం మీద వేలు వేసి, ఏకబిగిన అనేశాను:

"కోట తలుపులు మూయండి. రేవుల్లో ఓడలు ఆపండి. నేటి నుండి చీమనైనా లోనికి రానివ్వకండి."

ఇక్కడ మా వాళ్ళ గురించి ఒక సంగతి చెప్పాలి. నాటకంలో రాజు ఆజ్ఞ ఇవ్వగానే చూసే జనమంతా ఒక్క గొంతుతో బదులివ్వాలి. ఇవ్వకపోతే నేను అలిగి ఘట్టం మొదట్నించీ మళ్ళీ వేస్తాను. ఒక పండగప్పుడు అలా మూడుసార్లు వేశాను. ఆ భయం వాళ్ళ ఎముకల్లో ఉండిపోయింది. నా చెయ్యి లేచిందో లేదో, ముసలీ ముతకా, చంకలో పిల్లలున్న తల్లులు, ఆఖరికి ఎర్రయ్య బావ కూడా, కొట్టం రేకులు అదిరేలా అన్నారు:

"చిత్తం మహారాజా."

మనాయన కళ్ళజోడు తుడుచుకుని, ఏకగ్రీవం అని రాసుకున్నాడు. కూలీల నోట ఇంత స్పష్టమైన అభిప్రాయం ఇంతకుముందు ఎవరూ విని ఉండరన్నాడు. మనాయన తర్జుమా చేసి చెప్పగానే తెల్లాయన తల వేలాడేశాడు. దొర కుర్చీలోంచి లేచి, వచ్చీరాని అరవంలో "పోదుం, పోదుం" అన్నాడు, చాలు చాలని. మీరే వద్దంటే నేనెందుకు సంతకం పెట్టాలి అంటూ కాగితం సొరుగులోకి తోసి తాళం వేశాడు.

తాళం చప్పుడయ్యాక గానీ తామేమన్నారో మా వాళ్ళకు తెలిసిరాలేదు. ఆ పైన ఆడవాళ్ళు లేచారు. రాజుని కదా, కాలి నడకన పోకూడదు, పరుగెత్తాను. వెనక నుంచి వాళ్ళు విసిరే మన్నూ మశానం నా మీద పడుతూనే ఉన్నాయి. నేను పరుగెత్తింది ప్రాణభయంతోనే అయినా, దారి మాత్రం రేవుకే పట్టాను.

వాళ్ళను తప్పించుకుంటూ తోట చుట్టూ తిరిగి నేను చేరేసరికి ప్రొఫెసర్లు పడవలో కూర్చుని ఉన్నారు. నడుంలోతు బురదలో దిగి పడవ అంచు పట్టుకున్నాను. అది నా మాట కాదు బాబూ, నాటకంలో మాట, పుస్తకంలోంచి కొట్టేయండి అని బతిమాలాను. మనాయన ముఖం చిట్లించాడు. "నాటకం అంటున్నావు. మరి నీ సొంత మాట ఏమిటి? తలుపు తీయాలా, మూయాలా?"

ఆ బురదలో అబద్ధం ఎక్కడ తడుతుంది? "మా ఆడది వచ్చినదాకా తీసుంచండి బాబూ. ఆ తర్వాత మీ ఇష్టం, మూసీండి."

ఆయన పక్కాయనకు ఇంగ్లీషులో చెప్పాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పడవ ఒరిగిపోయేలా నవ్వారు. పెద్ద పెద్ద సభల్లో పెద్దలందరూ చెప్పేదీ ఇదేనయ్యా, కాకపోతే వాళ్ళకు మూడు రోజులు పడుతుంది అన్నాడు మనాయన. పొద్దుటి నుంచీ వాళ్ళిద్దరికీ కుదిరిన మొదటి మాట అదే. ఆ కుదిరిన ఊపులోనే దొరకు ఒక ఉత్తరం రాసి ఇద్దరూ చేవ్రాలు చేశారు. సోమవారం జరగాల్సిన సంతకం నాలుగు నెలలు నలిగాక జరిగింది. ఆ నాలుగు నెలలూ లయాల్లో నాతో మాట్లాడినవి కోళ్ళు మాత్రమే.

నరసమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు. వెనక మా అత్త, ఆవిడ వెనక ఇద్దరు బావమరుదులు, వాళ్ళ వెనక ఒక పినత్త. నా గది పదడుగులు. గుమ్మం ముందు నిలబడి, ఇంటిల్లిపాదీ వింటుండగా, చెంపలు వాయించుకుని ఒట్టేశాను: ఇక ఈ జన్మలో చదువుకున్నవాడి ముందు నోరు విప్పను, విప్పినా రాజు గొంతు పెట్టను, తలుపు అనే మాట కలలో కూడా అనను. ఒట్టు అయ్యాక, ఇంతమంది ఎందుకే అని మెల్లిగా అడిగాను.

"ఏటి సెయ్యమంటావు మావా? మా అన్న అంతా సెప్పినాడు. రాజుగోరు మళ్ళీ ఎప్పుడు తలుపులు మూయిస్తారో ఏటో అని, తెరిసున్నప్పుడే అందర్నీ తోలుకొచ్చీసినాను."

"మరి నానెక్కడ తొంగోవాలి?"

"వసారాలో. తలుపు నువ్వే మూసీ, అది నీకు బాగా వొచ్చు గదా. బయట్నించి మూసీ."