ఖమీస్ చిన్నాన్న అక్కను చూసి రావడం

మా చిన్నాన్న ఖమీస్ కెలిబియా రేవులోని ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వేటకెళ్ళే పడవలకు ఐసు దిమ్మలు పగలగొట్టి పెట్టెల్లోకి ఎత్తడం ఆయన పని. ఎండాకాలంలో కూడా ఆయన చేతులు చల్లగానే ఉంటాయి. చిన్నప్పుడు మాకు జ్వరం వస్తే అమ్మ ఆయన్ను పిలిపించి నుదుటిమీద చెయ్యి పెట్టించేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఈ చేత్తో పట్టుకుంటే పెళ్ళికూతురు జడుసుకుంటుంది" అని నవ్వి తప్పించుకునేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఏటా ద్రాక్ష కోతలకు పాంతెలెరియా వెళ్ళేవాడు. మా రేవుకు ఎదురుగా సముద్రంలో ఉన్న ఆ ద్వీపం ఇటలీది. అయినా మావాళ్ళకు పక్క ఊరి లెక్క. పాస్‌పోర్టు జేబులో వేసుకుని పడవ ఎక్కితే చాలు. ఆయన అక్క, మా సాసియా అత్త కూడా వెళ్ళి కూలీలకు వంట చేసేది. అక్కడే పనిచేసే మావాడొకణ్ణి పెళ్ళాడి ఉండిపోయింది. చిన్నాన్నకు కూడా అక్కడే స్థిరపడాలని ఉండేది. ఒక శీతాకాలం మా తాతకు తుంటి విరిగిందని కబురొస్తే ఇంటికొచ్చాడు. తాత లేచి నడిచే నాటికి రూలు మారిపోయింది. ఇక మీదట వీసా ఉంటేనే రానిస్తామన్నారు. వచ్చే కోతల నాటికి చూద్దాంలే అనుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీలో మనిషి కావాలంటే అప్పటిదాకా అని చేరాడు. అక్కడే జుట్టు నెరిసింది.

అత్త మాత్రం ఏటా వేసవిలో వచ్చిపోయేది. తర్వాత ఆమె మొగుడు పోయాడు. ఆపైన ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు మార్చి రోజు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకోవాలి, ప్రయాణాలు పనికిరావన్నారు. అప్పటినుంచి చిన్నాన్నే వెళ్ళాలని చూస్తున్నాడు.

మొదటిసారి వీసాకు దరఖాస్తు పెడితే, మీరు తిరిగి వెళతారన్న నమ్మకం కలగలేదని రాసి పంపారు. పెళ్ళాం పిల్లలు లేరు, ఇల్లూ పొలం లేవు. అలాంటివాడు వెనక్కి ఎందుకొస్తాడని వాళ్ళ అనుమానం.

"నమ్మకం లేదటే నజ్లా!" అన్నాడు ఆ కాగితం నా చేత చదివించుకుని. "తిరిగొచ్చి ఇక్కడే ఇరుక్కుపోయినవాణ్ణి నేను. నాకంటే నమ్మకస్తుడు వాళ్ళకెక్కడ దొరుకుతాడు?"

రెండోసారీ అదే జవాబు. మూడోసారి పెడదామంటే అపాయింట్‌మెంటు దొరకదు. కంప్యూటర్లో తారీఖు కనిపించినంతలోనే మాయమైపోతుంది. దళారులు ముందే పట్టేసి కాఫీ హోటళ్ళలో కూర్చుని అమ్ముతారు. బడి వదిలాక రోజూ నేను ప్రయత్నించేదాన్ని. చివరికి శరదృతువులో ఒకటి దొరికింది. పాస్‌పోర్టు ఇచ్చేసి వచ్చి ఎదురు చూస్తుండగా ఎన్నికలు వచ్చాయి.

నేను పంతులమ్మను కాబట్టి మా బళ్ళోనే డ్యూటీ పడింది. డిసెంబరు, శనివారం, బయట ముసురు. పిల్లల బెంచీలు గోడకు జరిపి మధ్యలో పెట్టె పెట్టి కూర్చున్నాం. బూత్‌కి పెద్ద మొహ్సిన్ మాష్టారు. మీసాలకు రంగు వేసుకుని, ఇస్త్రీ కోటు తొడుక్కుని వచ్చాడు పాపం. పొద్దున ముసలి దంపతులిద్దరు ఓటేసి వెళ్ళారు. ఆ తర్వాత చాలాసేపు గాలికి తలుపు కొట్టుకోవడమే. ఒకావిడ సంచి పట్టుకుని గబగబా లోపలికొచ్చి, "పంచదార ఇస్తున్నారా?" అంది. ఆ నెల ఊళ్ళో పంచదారకు కరువు. కాదమ్మా, ఓట్లు అంటే, "ఓస్, ఇంతేనా" అని తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

పదకొండేళ్ళ కిందట ఇదే బళ్ళో లైను సందు దాటి మసీదు దాకా ఉండేది. నాకు బాగా గుర్తు. ఏళ్ళ తరబడి ఏలిన పెద్దాయన, జనం తిరగబడితే దేశం వదిలి పారిపోయాక జరిగిన మొదటి ఎన్నికలు. చిన్నాన్న తెల్లారకముందే పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు వేసుకుని వెళ్ళి నిలబడ్డాడు. ఎండకు తూలిపడబోయిన ఒక అవ్వను నీడకు రమ్మంటే, నా చోటు పోతుందని లైను వదల్లేదట. ఓటేశాక వేలికి నీలం సిరా పూశారు. ఐసు తగిలితే రంగు పోతుందని చిన్నాన్న మర్నాడు సెలవు పెట్టి, వేలు పైకెత్తుకుని రేవంతా తిరిగాడు.

ఈసారి ఆయన మధ్యాహ్నం వచ్చాడు, నా కోసం భోజనం పట్టుకుని. రొట్టె మధ్యలో ట్యూనా, ఉడికించిన గుడ్డు, హరిసా కారం.

"ఖమీస్, ఎలాగూ వచ్చావు, ఒక ఓటు వేసి పోవయ్యా," అన్నాడు మొహ్సిన్ మాష్టారు. "పెట్టె మరీ బోసిగా ఉంది."

"రొట్టె తెచ్చాను మాష్టారూ. ఓటు ఇంట్లో మర్చిపోయా."

"హాస్యాలాడకు. ప్రతివాడూ ఇలా అనుకుంటే ఎలాగయ్యా?"

"అనుకున్నారుగా," అంటూ చిన్నాన్న ఖాళీ గదిని చూపించాడు. తర్వాత పిల్లల బెంచీమీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. "ఆ రోజున మీరడక్కుండానే వచ్చాను మాష్టారూ. గంటలు నిలబడ్డా కాళ్ళు నొప్పెయ్యలేదు. దేశానికి మనం కూడా లెక్కలోకొచ్చాం అనుకున్నా. ఆ తర్వాత ఎంతమంది గెలిచారు, ఎంతమంది మారారు! నేను వాళ్ళనడిగింది ఏముంది? అవతలివాడితో మాట్లాడండి, మా అక్కను చూసి వచ్చేస్తానని చెప్పండి అన్నా. ఒక్కడు మాట్లాడాడా? ఇక్కడివాడు ఓటుకి పిలుస్తాడు, అక్కడివాడు రావద్దంటాడు. ఇద్దరికీ నా మొహం తెలీదు."

"ఓటుకీ వీసాకీ ఏంటయ్యా సంబంధం?"

"ఏమో. నాకు రెండుచోట్లా నిలబడీ నిలబడీ కాళ్ళు లాగేస్తున్నాయి. అదే సంబంధం."

మాష్టారికి నా రొట్టెలో సగం తుంచి ఇస్తే తీసుకుని, కిటికీ వైపు తిరిగి తిన్నాడు. అంతలో చిన్నాన్న ఫోను మోగింది. సాసియా అత్త. గొంతు గదంతా వినిపించింది.

"ఒరేయ్, వచ్చిందా?"

"ఇంకా లేదక్కా. రేపో మాపో."

"నీ రేపులూ మాపులూ అయ్యేసరికి నేను పోతాన్రా. వచ్చేప్పుడు హరిసా తీసుకురా. ఇక్కడి కూడు చప్పిడి."

"నీకు కారం వద్దన్నారు కదే డాక్టర్లు?"

"వాళ్ళకి చెప్పకు మరి."

చిన్నాన్న నవ్వుతూ వరండాలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం పెట్టె తెరిచి లెక్కపెట్టడానికి కూర్చుంటే పోసుకున్న టీ ఇంకా వేడిగా ఉండగానే ఓట్ల లెక్క అయిపోయింది. పదిమందిలో ఒకరు కూడా రాలేదు. మాష్టారు సంతకం పెట్టి, కోటు దులుపుకుని, "మా ఇంట్లోనూ నేనొక్కణ్ణే వేశాను నజ్లా" అని గొడుగు తెరిచాడు.

పాస్‌పోర్టు తీసుకెళ్ళమని తర్వాతి వారం మెసేజ్ వచ్చింది. లోపల ఏముందో మెసేజ్‌లో చెప్పరు. ఇద్దరం షేర్ వ్యానులో రాజధాని ట్యూనిస్ వెళ్ళాం. వీసా ఆఫీసులో ఇచ్చిన కవరు నా చేతికిచ్చి ఆయన రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాడు. చింపి చూశాను. వీసా ఉంది. చెయ్యి ఊపితే ఆయన నమ్మలేదు. దగ్గరకొచ్చి, పేజీ వేలితో తడిమి, "నా పేరేనా? సరిగ్గా చూడు" అన్నాడు.

ఇచ్చింది కొద్ది రోజులకే. అందులోనూ గడువు అప్పటికే మొదలైపోయింది. ఇదివరకటిలా ఎదురుగా ఉన్న ద్వీపానికి పడవ లేదు. ఓడలో పాలెర్మో, అక్కణ్ణుంచి బస్సులో ట్రాపాని, మళ్ళీ అక్కణ్ణుంచి ఓడ. ట్రాపానిలో గాలి పట్టుకుంది. ఓడలు ఆపేశారు. చిన్నాన్న హరిసా డబ్బా ఒళ్ళో పెట్టుకుని రేవులో బల్లమీద కూర్చునే ఉన్నాడు. అనుమతి రోజులు ఒక్కొక్కటే ఆ బల్లమీదే కరిగిపోయాయి. ద్వీపంలో దిగేసరికి, తిరుగు ప్రయాణానికి పోను మిగిలినవి రెండు.

అక్కడ జరిగింది ఆయనే చెప్పాడు. అత్త ఆయన్ను చూసి ఏడవలేదట. "ఇంత ముసలాడివయ్యావేంట్రా!" అని తిట్టిందట. మర్నాడు ఆసుపత్రిలో ఆమె మంచం పక్కనే కూర్చున్నాడు. రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే, అప్పట్లో ద్రాక్షతోటలో పాడుకున్న పాట ఒకటి సగం వరకు పాడి, మిగతాది ఇద్దరికీ గుర్తు రాక వదిలేశారు. బయలుదేరే రోజు పొద్దున అత్త ఆయన సంచి తీసి మంచం కింద పెట్టేసింది.

"ఉండిపోరా. నిన్నెవడొచ్చి వెతుకుతాడు?"

"ఉండిపోతే ఇంకెప్పుడూ రానివ్వరే అక్కా."

"వెళ్ళిపోతే రానిస్తారని ఎవరు చెప్పార్రా నీకు?"

చిన్నాన్న మంచం కిందికి వంగి సంచి తీసుకున్నాడు. ఆమె గుమ్మం దాకా రాలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

తిరిగొచ్చాక ఇంకో పని మిగిలింది. తిరిగొచ్చినట్టు మనిషే స్వయంగా వీసా ఆఫీసుకు వెళ్ళి పాస్‌పోర్టు ముద్ర చూపించాలి. జనవరి వానలో మళ్ళీ ట్యూనిస్ వెళ్ళాం. రెండో విడత పోలింగు కాగితాలు గోడలమీద తడిసి వేలాడుతున్నాయి. వాటిని చూసేవాళ్ళు లేరు గానీ వీసా లైను మాత్రం వీధి మలుపు దాటింది. మా వంతు వచ్చాక అద్దం వెనక అమ్మాయి ముద్ర చూసి టిక్కు పెట్టుకుంది.

"అయిపోయింది. వెళ్ళచ్చు."

"అమ్మా, మళ్ళీ వెళ్ళాలంటే? ఇప్పుడు నమ్మకం కుదిరినట్టేగా?" అన్నాడు చిన్నాన్న.

"మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవాలండీ. అపాయింట్‌మెంటుతో సహా." ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఆమె కళ్ళు కూడా అలసిపోయి ఉన్నాయి.

తిరుగు వ్యానులో చిన్నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటాక నేనే అడిగాను.

"మళ్ళీ పెడదామా చిన్నాన్నా?"

"పెట్టు. పెట్టక ఏం చేస్తాం?" అన్నాడు కళ్ళు మూసుకునే. "ఇవాళ వద్దులే. గాలి తగ్గింది, రేపు పడవలన్నీ ఒక్కసారే వెళతాయి. పని ఎక్కువుంటుంది."

ఆపైన ఆయన తల నా భుజంమీదకు వాలిపోయింది. కెలిబియాలో దిగమని డ్రైవరు కేకేసే వరకు లేవలేదు.